బయటి గాయాలు లేవు

2024 డిసెంబర్ 23, సాయంత్రం

ఈ డైరీ ఇప్పుడే ఎందుకు మొదలుపెడుతున్నానో ముందుగా రాసుకోవాలి. ఒక రాజకీయ నాయకుడు ఒకే విషయం మీద ఇరవై ఏళ్ళలో మూడుసార్లు మాట మార్చాడు. ఆ మాటలు అన్నప్పుడు రెండుసార్లు ఆయన చేతిలో ఉన్నది నేను రాసిన కాగితం. ఆ కాగితాలు ఏం చెప్పాయో, ఏం చెప్పలేదో తెలిసినదాన్ని నేను. ఇప్పుడు రాయకపోతే, కొన్నాళ్ళకు నాకు కూడా ఆయన చెప్పిన వరసలోనే గుర్తుంటుంది.

కేస్ షీట్ అలవాటు ప్రకారం మొదట వివరాలు. కన్యక, 56 ఏళ్ళు, ఎముకల డాక్టరు, ప్రభుత్వ ఆసుపత్రి. ఈ ప్రాంతంలో ఇరవై మూడేళ్ళ సర్వీసు.

ఓపీ ముగిశాక వార్డులోకి వెళితే నర్సులంతా టీవీ ముందు నిలబడి ఉన్నారు. మంత్రి నాగేశ్వర్లు ప్రెస్ మీట్. ఆయన చేతిలో ఒక కాగితం ఊగుతోంది. సంతకం చివర నేను లాగే గీత అంత దూరం నుంచీ తెలిసింది.

ఆయన అన్నది ఇది. నవంబర్‌లో పక్క రాష్ట్రంలో బస్టాండులో బాంబు పెట్టి నలుగురిని చంపినారు, ఆ డిటొనేటర్లు మన పలకల క్వారీల నుంచే పోయినాయని అనుమానం, అట్లాంటోన్ని పట్టుకొని బిర్యానీ పెట్టి అడగమంటారా, కాస్త గట్టిగా అడిగితే తప్పేంది, అని. ఊపిరి తీసుకొని మళ్ళీ, అయినా మనోళ్ళు వాని మీద చెయ్యి కూడా ఎయ్యలేదు, ఇదిగో మన డాక్టరమ్మే రాసిచ్చింది, బయటి గాయాలు లేవని, అని.

రెండు వాక్యాలు. మొదటిది కొట్టవచ్చని. రెండవది కొట్టలేదని. ఒకటి చాలలేదా ఆయనకు?

హెడ్ నర్సు లీదియా నా పక్కనే ఉంది. మందుల స్ట్రిప్పు మీద కొట్టినట్ల మంత్రిగారి మాట మీద కూడా ఎక్స్‌పైరీ డేటు కొడితే బాగుండు మేడం, అంది.

ఆ డేట్లు నాకు తెలుసు. 2003లో నాగేశ్వర్లు వకీలు. పుల్లలచెరువు మండలంలో అడవి అంచు ఊరి మేకల కాపరి ఒకణ్ణి, నక్సలైట్లకు అన్నం మోశాడని పోలీసులు పట్టుకుపోయి కొట్టారు. వీపు మీద పదిహేడు దెబ్బలు. ఒక్కొక్కటి స్కేలుతో కొలిచి, రంగు చూసి, ఎన్నిరోజుల నాటిదో రాసి సర్టిఫికెట్ ఇచ్చాను. గిద్దలూరు సభలో నాగేశ్వర్లు దాన్ని రెండు చేతులతో ఎత్తి పట్టుకొని, ఇది కాగితం కాదు, ఒక మనిషి వీపు, అన్నాడు. ఆ మాట మీదే ఎమ్మెల్యే అయ్యాడు. 2009లో అధికార పక్షంలో ఉండి, కొన్నిసార్లు తప్పదు, అన్నాడు. 2015లో ప్రతిపక్షంలోకి వచ్చి, హింసకు వ్యతిరేకంగా చట్టం కావాలని బేస్తవారిపేట రోడ్డు మీద బైఠాయించాడు. ఇప్పుడు మంత్రి.

ఇక పోలీసులు పట్టుకున్న ఈ కుర్రవాడు. ప్రకాష్, 24 ఏళ్ళు, రాచర్ల మండలంలో ఒక పల్లె. వారమంతా మార్కాపురం దగ్గర పలకల క్వారీలో కూలి, శనివారం ఆటోలో ఇంటికి. క్వారీలో రాయి పేల్చాక డిటొనేటర్ల తీగ మిగిలిపోతుంది. ఎర్రది, పసుపుది, సన్నగా గట్టిగా ఉంటుంది. కూలీలు ఏరుకుపోయి బుట్టలు అల్లుతారు, బట్టలు ఆరేస్తారు, గొర్రెపిల్లను కడతారు. ప్రకాష్ ఆ తీగతో ఇంటి ముందు వెదురు కర్రకు క్రిస్మస్ స్టార్ కట్టాడు. ఆ వీధిలో ఇంకో పది ఇళ్ళ ముందు పది స్టార్లు అదే తీగతో వేలాడుతున్నాయట. పేపర్లో ఫోటో మాత్రం ఒక్కదానిదే వచ్చింది, పేలుడు తీగ అన్న అక్షరాలతో.

18న పట్టుకుపోయారు. శనివారం, 21న, కోర్టులో హాజరుపరిచే ముందు నా దగ్గరికి తెచ్చారు. ఇరవై నిమిషాలు చూశాను. నేను చూసిందే రాశాను. నా కాగితం సరైనదే. వాడుకున్న తీరు తప్పు.

2024 డిసెంబర్ 24, సాయంత్రం 6

ప్రకాష్ తల్లి రత్నమ్మ వచ్చింది. చివరి పేషెంటు వెళ్ళేదాకా గుమ్మం పక్కన గోడకు ఆనుకొని నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు. ఒక మాట అడిగేదుంది డాక్టరమ్మా, కోపం చేసుకోవద్దు, అంది.

నిన్న సబ్ జైలులో కొడుకును చూసిందట. ముండ్లల్లో నడిచినట్ల నడుస్తాండాడు. ఏంది నాయనా అంటే కాలు బెణికిందమ్మా అన్నాడు. రెండు కాళ్ళూ ఒకేసారి బెణుకుతాయా అమ్మా, నువ్వు ఎముకల డాక్టరువు గదా, నువ్వే చెప్పు, అంది.

వెంటనే ఇంకొకటి అడిగింది. వానికి సాక్సులు ఎవరు కొనిచ్చినారు? వాడు పుట్టి బుద్ధెరిగి సాక్సులు తొడిగినోడు కాదు. బడికి కూడా ఉత్త కాళ్ళతోనే పోయినాడు.

చూస్తాను అన్నాను.

పోతూ పోతూ, రేపు పండగ, స్టారును పోలీసోళ్ళు ఎత్తుకపోయినారు, కర్ర మాత్రం అట్లే నిలబడి ఉంది, అంది. ఆమె మాటలో ఫిర్యాదు లేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

అదే రోజు, 6.50

నేను సాక్సులు తీయించలేదు.

2024 డిసెంబర్ 25, ఉదయం

చర్చిలో పాటలు ఇక్కడికి వినబడుతున్నాయి. నిన్నటి వాక్యం మళ్ళీ చదివాను. దాన్ని వివరంగా రాయాలి. ఎవరికోసమూ కాదు, నేను సర్దిచెప్పుకోకుండా ఉండటానికి.

శనివారం పదకొండున్నర. బయట ఓపీలో నూటనలభై మంది. ప్రకాష్‌తోపాటు నలుగురు పోలీసులు. ఇద్దరిని బయట ఉండమన్నాను, ఉన్నారు. మిగిలిన ఇద్దరినీ కూడా పంపాల్సింది, పంపలేదు. చొక్కా తీయించాను. వీపు, ఛాతీ, పొట్ట, చేతులు, మణికట్లు, గోళ్ళు చూశాను. లుంగీ పైకి ఎత్తి తొడలు, మోకాళ్ళు, పిక్కలు చూశాను. పాదాలకు బూడిద రంగు సాక్సులు. కొత్తవి. నా కన్ను వాటిని చూసి ముందుకు పోయింది.

అతను గోడ పట్టుకొని, పాదాల బయటి అంచుల మీద నడిచాడు. చూశాను. అలసిపోయాడనుకున్నాను. ఏమైనా చెప్పాలా అని అడిగాను. తల అడ్డంగా ఊపాడు. ఇద్దరు పోలీసులు నిలబడి ఉన్న గదిలో ఆ ప్రశ్న అడిగినందుకు ఈరోజు సిగ్గుపడుతున్నాను.

ఇంకొకటి. బయటి గాయాలు లేవు అన్న వాక్యాన్ని మేము చేత్తో రాయం. రబ్బరు స్టాంపు ఉంది. వాక్యం స్టాంపు వేసింది. నేను సంతకం పెట్టాను.

ఇరవై మూడేళ్ళుగా క్వారీ కూలీల పాదాలు చూస్తున్నదాన్ని. వాళ్ళు అరిగిన హవాయి చెప్పుల్లో వస్తారు, లేకుంటే ఉత్త కాళ్ళతో. పలకరాయి కోసిన గాయం మానినా, దుమ్ము లోపలే ఉండిపోయి సన్నటి నల్లగీత మిగులుతుంది. పాదం చూసి ఎన్నేళ్ళుగా రాయి కొడుతున్నాడో చెప్పగలను. అటువంటి మనిషి సాక్సులతో నా ముందుకు వస్తే నాకు అనుమానం రాలేదు.

అరికాళ్ళ మీద కొడితే పైకి పెద్దగా కనబడదు. చర్మం మందం. నాలుగు రోజులకు కమిలిన రంగు తగ్గుతుంది, రెండు వారాలకు దాదాపు పోతుంది. ఇది కొట్టేవాళ్ళకు తెలుసు. నాకూ తెలుసు. ఇద్దరికీ తెలిసిన విషయంలో వాళ్ళు జాగ్రత్తపడ్డారు, నేను పడలేదు.

మొన్న మంత్రిగారి మీద ఇంత కోపంగా రాశాను. కోపం తగ్గలేదు. అయితే ఆయన ఎత్తి చూపించిన అబద్ధం నేనే రాసిచ్చాను. ఆయన తెలిసి చూపించాడో లేదో తెలియదు. నేను తెలియక రాశాను. ప్రకాష్ పాదాలకు ఈ తేడాతో పనిలేదు.

2024 డిసెంబర్ 26

సూపరింటెండెంటు రామసుబ్బయ్య గారితో మాట్లాడాను. మంచివాడే. తలుపు వేసి, కూర్చోమ్మా అన్నారు. అంతా విన్నారు. తర్వాత, ఎవరైనా అడిగినారా నిన్ను, అన్నారు. లేదన్నాను. అడగనప్పుడు చెప్పేదేందమ్మా, మళ్ళీ పరీక్షకు తెస్తే అప్పుడు కాళ్ళు చూద్దువు, నీకింకా అయిదేండ్ల సర్వీసుంది, అన్నారు. అప్పటికి రంగు పోతుందన్నాను. పోనీలేమ్మా, పోతే పోయింది, వాని నొప్పి కూడా పోతాది గదా, అన్నారు. దయగానే అన్నారు.

అప్పుడే తెలిసింది, పోలీసులు పిటిషన్ వేశారని. ప్రకాష్‌ను మళ్ళీ పది రోజులు తమ కస్టడీకి ఇవ్వమని. విచారణ 30న. మొదటిసారి చెయ్యి కూడా వేయలేదనడానికి నా సర్టిఫికెట్ జతచేశారు.

అంటే, సోమవారం నాడు నా కాగితమే అతణ్ణి మళ్ళీ ఆ గదికి పంపుతుంది.

2024 డిసెంబర్ 27

మేజిస్ట్రేటు గారికి ఉత్తరం రాశాను. నాలుగు చిత్తుప్రతులు చించాను. మొదటి దాంట్లో ఓపీ రద్దీ గురించి ఉంది. రెండవ దాంట్లో పోలీసుల గురించి ఉంది. మూడవది మంత్రిగారి గురించే. చివరికి మిగిలినవి అయిదు వాక్యాలు.

డిసెంబర్ 21న నేనిచ్చిన సర్టిఫికెట్ అసంపూర్ణం. పాదాలను పరీక్షించలేదు. బయటి గాయాలు లేవన్న వాక్యాన్ని పాదాలకు వర్తింపజేయరాదు. తప్పు నాది. గుర్తులు చెరిగిపోకముందే, నేను కాక వేరే వైద్యులతో పాదాలను పరీక్ష చేయించవలసిందిగా ప్రార్థన.

లీదియా టైపు చేసింది. ఆ రోజు గదిలో ఆమె కూడా ఉంది. టైపు చేస్తూ చేస్తూ ఆగి, చీలమండ దగ్గర ధర స్టిక్కరు ఊడకుండా అట్లే ఉంది మేడం, నేను చూసినా, అంది. మరి చెప్పలేదేం అని అడిగాను. పండగ దినాలు గదా, చలికి వణుకుతాంటే పోలీసోళ్ళు కొనిచ్చినారు కాబోలు, వాళ్ళల్లో కూడా దేవుని భయం ఉన్నోళ్ళు ఉంటారు అని సంతోషపడితిని మేడం, అంది. చర్చిలో వాళ్ళ సంఘం తరఫున ప్రతి డిసెంబర్‌లో ముసలివాళ్ళకు సాక్సులు, దుప్పట్లు పంచుతారు. ఆమె కళ్ళకు అది కానుకలా కనిపించింది. తర్వాత కళ్ళు తుడుచుకొని, నా పేరు కూడా ఎయ్యండి, చూసినదాన్ని నేనూ ఉంటిని, అంది. వద్దన్నాను. సంతకం నాది.

కాగితం కోర్టు ఆఫీసులో స్వయంగా ఇచ్చి, నంబరు వేయించుకొని వచ్చాను.

సాయంత్రం రౌండ్స్‌లో మూడవ బెడ్ దగ్గర ఆగిపోయాను. విరిగిన సెలైన్ స్టాండును ఎవరో కట్టి నిలబెట్టారు. ఎర్రది, పసుపుది మెలిపెట్టిన తీగ. ఎన్నాళ్ళ నుంచి అక్కడ ఉందో. నేనూ రోజూ దాన్ని పట్టుకుంటున్నాను.

2024 డిసెంబర్ 29, ఆదివారం

నాగేశ్వర్లు ఇంటికి వచ్చాడు. ముందు కారు, వెనక కారు లేకుండా, ఒక్క గన్‌మన్‌తో. మా నాయన దుకాణం పక్కనే వాళ్ళ బట్టల దుకాణం ఉండేది. చిన్నప్పటి నుంచి నేను ఆయనకు చెల్లెమ్మను, ఆయన నాకు అన్న. చేతిలో స్వీట్ల పెట్టె. కాఫీ ఇచ్చాను.

మొదట మా నాయన గురించి మాట్లాడాడు. తర్వాత, ఉత్తరం రాసినావంట గదా చెల్లెమ్మా, అన్నాడు. రాశానన్నాను. రాయకముందు నాకు ఒక ఫోను చేయాలనిపియ్యలేదా, అన్నాడు. నువ్వు నా కాగితం టీవీలో చూపించే ముందు నాకు ఫోను చేయలేదు గదన్నా, అన్నాను. నవ్వి, నాయన నోరే వచ్చింది నీకు, అన్నాడు.

తర్వాత నవ్వలేదు. ఆయన చెప్పింది న్యాయంగా రాయాలి. నలుగురు చచ్చినారు, వాళ్ళల్లో ఒకామె పూలు అమ్ముకొనేది, ఆమె చెయ్యి పక్క ప్లాట్‌ఫారం మీద దొరికింది, ఇంకో బాంబు ఏ బస్టాండులో ఉందో ఎవురికీ తెల్దు, ఒకని అరికాళ్ళు వాయడానికీ ఇంకో నలుగురు చావడానికీ తూకం వెయ్యి, నువ్వు నా కుర్చీలో కూచొని వెయ్యి, అన్నాడు.

ఆ మాట తేలికైనది కాదు. ఆ పూలమ్మే ఆమెను కూడా నాలాంటి డాక్టరే కొలిచి రాసి ఉంటాడు. కాఫీ చల్లారేదాకా ఆలోచించి, ప్రకాష్‌కు బాంబు గురించి తెలుసని నీకు ఎట్ల తెలుసన్నా, అని అడిగాను. అదే గదా అడిగేది, అన్నాడు. అంటే తెలియదు. తెలియకుండానే తూకంలో ఒక పక్క అతని కాళ్ళు పెట్టారు. రెండో పక్క ఏమీ లేదు.

2003లో నువ్వు ఇట్ల మాట్లాడలేదు, అన్నాను. అప్పుడు నేను వకీలును చెల్లెమ్మా, వకీలు వాదిస్తాడు, ఇప్పుడు మంత్రిని, మంత్రి కాపాడతాడు, అప్పుడున్నది పేదోళ్ళ కష్టం, ఇది టెర్రరిజం, జ్వరానికీ క్యాన్సర్‌కూ ఒకే మందు రాస్తావా నువ్వు, అన్నాడు. రోగం ఉందో లేదో చూశాకే ఏ మందైనా రాస్తాం, అన్నాను. నువ్వు చూసే రాసినావు గదా, బయటి గాయాలు లేవని, అన్నాడు.

ఆ దెబ్బకు నేను అర్హురాలినే.

లేచి చెప్పులు తొడుక్కుంటుంటే ఒక ప్రశ్న అడిగాను. నిన్ను ఎమ్మెల్యేను చేసిన ఆ మేకల కాపరి పేరేందన్నా, అని. గుమ్మంలో నిలబడి ఆలోచించాడు. ఏసోబు. కాదు, దానియేలు. అట్లాంటి పేరే ఏదో, అన్నాడు. పదిహేడు దెబ్బలు గదా, అని మాత్రం తడుముకోకుండా అన్నాడు.

కరుణాకరం. అతని పేరు కరుణాకరం. అంకె నేను రాసిందే. పేరు కూడా అదే కాగితంలో, అంకెకు రెండు లైన్ల పైన రాశాను.

స్వీట్ల పెట్టె గన్‌మన్‌కు ఇచ్చి పంపాను.

2024 డిసెంబర్ 30

కోర్టుకు పిలిచారు. బోనులో నిలబడి నా ఉత్తరం నేనే చదివాను. ప్రభుత్వ న్యాయవాది ఒకటే అడిగాడు: మొన్న తప్పు రాసినావిడ ఇవాళ ఒప్పు రాసిందని ఎట్ల నమ్మేది? మంచి ప్రశ్న. నమ్మవద్దు, వేరేవాళ్ళతో చూపించండి, అదే నా ప్రార్థన, అన్నాను.

మేజిస్ట్రేటు గారు ఇద్దరు బయటి డాక్టర్లను వేశారు. కస్టడీ పిటిషన్ వాళ్ళ రిపోర్టు వచ్చేదాకా వాయిదా. పరీక్ష జనవరి 2న. నేను గదిలో ఉండవచ్చు, ముట్టుకోకూడదు.

కొట్టింది 18కీ 21కీ మధ్య. జనవరి 2 అంటే రెండు వారాలు. రంగు ఉండదు.

2025 జనవరి 1

ఉండదు.

2025 జనవరి 2

రంగు లేదు. అరికాళ్ళు చూడటానికి మామూలుగా ఉన్నాయి. నల్లగీతలు, పాత కోతలు, మందపు చర్మం. ఇద్దరిలో చిన్న డాక్టరు నా వైపు చూశాడు. క్వారీ పాదాలు మేడం ఇవి, అన్నట్టుగా. నేను గోడ దగ్గర చేతులు కట్టుకొని నిలబడ్డాను. నోరు తెరిస్తే నా మాట వాళ్ళ మాటలో కలుస్తుంది. తెరవలేదు.

పెద్ద డాక్టరు జాగ్రత్తపరుడు. మడమలు రెండు బొటనవేళ్ళతో నొక్కాడు. అక్కడ మెత్తటి దిండులాంటి కొవ్వు ఉండాలి. నొక్కితే ఎముక తగిలినట్టుంది. అది ఆయన ముఖంలో చూశాను. ప్రకాష్ మంచం అంచు పట్టుకున్నాడు. అరవలేదు.

తర్వాత ఆయన నేను ఎదురుచూస్తున్న పని చేశాడు. కాలి బొటనవేలిని వెనక్కి వంచాడు. అరికాలు కింద మడమ నుంచి వేళ్ళదాకా ఒక గట్టి పొర ఉంటుంది. వేలిని వంచితే అది తీగలా బిగుస్తుంది, వేలును ఆపుతుంది. ఎడమకాలిలో బిగుసుకుంది. కుడికాలిలో బిగుసుకోలేదు. వేలు ఆగకుండా వెనక్కి పోయింది. పొర తెగింది. రాయి కోస్తే చర్మం తెగుతుంది. చర్మం చెక్కుచెదరకుండా లోపలి పొర తెగడానికి రాయి కారణం కాదు.

ఆయన మళ్ళీ వంచాడు. మూడోసారి చిన్న డాక్టరుతో వంచి చూపించాడు. తర్వాత చేత్తో రాయడం మొదలుపెట్టాడు. ఒక్కొక్క అక్షరం. నేను కిటికీ వైపు తిరిగాను.

పోలీసులు అందరూ బయట ఉండగా, ఆయన అడిగితే ప్రకాష్ చెప్పాడు. మూడు దినాలూ ఒకటే అడిగినారు సార్, స్టారు ఎవనికి సిగ్నలు అని. క్రీస్తు పుట్టినాడని పెట్టుకుంటాం సార్ అని చెప్తి. ఆ మాటకు ఇంకా కోపం వచ్చింది వాళ్ళకు, ఎగతాళి చేస్తాండావా అన్నారు.

అది చెబుతూ అతను కొంచెం నవ్వాడు.

2025 జనవరి 6

కస్టడీ పిటిషన్ తిరస్కరించారు. అతను ఆ గదికి వెళ్ళడు. మధ్యాహ్నం రెండు ఇడ్లీలు ఎక్కువ తిన్నాను.

2025 జనవరి 12

 

ఈరోజు గిద్దలూరులో సభ. పాస్టర్ల సంఘాల వాళ్ళు స్టారు కేసు మీద వారం రోజులుగా ర్యాలీలు తీస్తున్నారు. పక్క రాష్ట్రం పోలీసులు డిటొనేటర్లు ఇంకెక్కడి నుంచో వచ్చాయని నిన్న ప్రకటించారు. ఈరోజు నాగేశ్వర్లు వేదిక ఎక్కాడు. చేతిలో ఇద్దరు డాక్టర్ల రిపోర్టు నకలు.

లీదియా బంధువు ఫోన్‌లో తీసిన వీడియో చూశాను. ఇది కాగితం కాదు, అన్నాడు. ఆగాడు. ఒక మనిషి అరికాలు, అన్నాడు. చప్పట్లు. 2003 నుంచి ఈ నాగేశ్వర్లుది ఒకటే మాట, హింస ఏ రూపంలో ఉన్నా నేను దానికి శత్రువును, ఈ బిడ్డ విషయంలో నిజం బయటికి రావాలని మా చెల్లెమ్మ డాక్టరమ్మ ఇంటికి నేనే స్వయంగా పోయి ధైర్యం చెప్పి వచ్చినా, అన్నాడు.

వచ్చాడు. నిజమే. స్వీట్లు తెచ్చాడు.

ఇరవై రోజులు. అంతే పట్టింది. మొదటి కాగితాన్ని ఆయన ఎక్కడ పెట్టి ఉంటాడు? ప్రకాష్ కాలిలో తెగిన పొర ఇంకా అతుక్కోలేదు. మాట మాత్రం తెగిన చోట తెలియకుండా అతుక్కుంది.

మనుషులు మనసు మార్చుకుంటారు. నేనూ మార్చుకున్నాను, కోర్టులో నిలబడి. మార్చుకున్నవాళ్ళు ముందు ఏమన్నారో చెప్పాలి. తప్పు అనాలి. ఆ ఒక్క మాట లేకుండా మారడం అంటే, రేపు మళ్ళీ మారడానికి దారి తెరిచి పెట్టుకోవడం.

ప్రకాష్ పేరు ఆయన ఒక్కసారి కూడా పలకలేదు. ఈ బిడ్డ అన్నాడు.

2025 జనవరి 17

ఒకే టపాలో రెండు కవర్లు.

ఒకటి చార్జి మెమో. 21వ తేదీ పరీక్షలో నిర్లక్ష్యం, పదిహేను రోజుల్లో వివరణ ఇవ్వాలి. చదివాను. ప్రతి వాక్యం నిజం. వివరణలో, అంగీకరిస్తున్నాను, అని రాశాను.

రెండవది రిపబ్లిక్ దినోత్సవంనాడు ఉత్తమ సేవా ప్రశంసాపత్రం. నిశిత వైద్య పరీక్షకు గాను. అందజేసేది మంత్రి నాగేశ్వర్లు గారు.

రామసుబ్బయ్య గారు రెండూ పక్కపక్కన పెట్టుకొని చాలాసేపు చూశారు. ఇవి రెండూ ఒకే డాక్టరుకేనా అమ్మా, అన్నారు. అవునన్నాను. మనిషి నవ్వు ఆపుకోలేకపోయారు. నేను కూడా.

రబ్బరు స్టాంపును నా సొరుగులో పెట్టి తాళం వేశాను. లీదియా రెండుసార్లు వెతికింది. మూడోసారి అడగలేదు. ఇప్పుడు ఆమే కొత్తగా వచ్చిన పిల్లలకు చెబుతోందట, మా మేడం దగ్గరికి ఎవరిని తెచ్చినా ముందు కాళ్ళు బోసిగా చేయండి, అని.

2025 జనవరి 26

అవార్డుకు వెళ్ళలేదు. ఆటో మాట్లాడుకొని రాచర్ల వైపు వెళ్ళాను. ప్రకాష్‌కు బెయిలు వచ్చి నాలుగు రోజులైంది. కేసు అలాగే ఉంది.

రత్నమ్మ నీళ్ళచెంబు ఇచ్చింది. ఇంటి ముందు కర్ర అలాగే ఉంది, స్టారు లేకుండా. పొరుగిళ్ళ వాళ్ళు తీగలన్నీ తెంపి బావిలో పారేశారట. బట్టలు గోడల మీద ఆరేశారు. గొర్రెపిల్లకు మాత్రం ఇంకా ఎర్రతీగే ఉంది. దాన్నేం అడుగుతారులే అమ్మా, అది సాక్ష్యం చెప్పదు, అంది రత్నమ్మ.

ప్రకాష్ అరుగు మీద కూర్చొని ఉన్నాడు. లేవబోతే వద్దన్నాను. క్షమించు నాయనా, ఆ రోజు నేను సాక్సులు తీయించలేదు, అన్నాను. ఈ వాక్యం కోసమే అంత దూరం వెళ్ళాను. అతను తల వంచుకొని, తీసింటే మళ్ళీ తొడిగేవాళ్ళు మేడం, అన్నాడు. నన్ను ఓదార్చడానికి అన్నాడో, నిజంగా అలా అనుకుంటున్నాడో తెలియలేదు.

పాదాలకు అవే బూడిద రంగు సాక్సులు. మడమల దగ్గర చిరిగి ఉన్నాయి. ఎందుకు పారేయలేదని అడిగాను. మెత్తగా ఉన్నాయి మేడం, ఇవి లేకుంటే నేల కుచ్చుకుంటాంది, అన్నాడు.

నేను నేల మీద కూర్చొని, నా చేత్తో వాటిని తీశాను. ముందు ఎడమది, తర్వాత కుడిది.

2025 జనవరి 27

అతను మళ్ళీ క్వారీ దిగగలడా అన్నది ఆరు నెలలు గడిస్తే గాని చెప్పలేను. కొట్టిన చెయ్యి ఎవరిదో ఏ కాగితంలోనూ లేదు. మంత్రిగారు వచ్చే ఏడాది ఏమంటారో తెలియదు.

ఇకపై వాళ్ళు సాక్సులు వాడరు. ఇంకేదో వాడతారు. అది నా ముందుకు వచ్చినప్పుడు నాకు కనబడుతుందో లేదో తెలియదు.